ప్యారీస్ కార్నర్‌లో నాన్న నోట్సుకు బైండింగ్ చేయించాను

చేతిరాత పుస్తకాలు, తాతల నాటి దస్తావేజులు, పాత కాగితాల కట్టలు ఇంట్లో పెట్టుకుని, ఎవరికి ఇవ్వాలో తెలియక బీరువాలో దాచుకున్న చెన్నై తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. తంబుచెట్టి వీధి నుంచి లోపలికి పోయే ఒక సందులో బోర్డు లేని చిన్న బైండింగ్ షాపు ఉంది. హైకోర్టు మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. కాళికాంబాళ్ గుడి దగ్గర పూలు అమ్మేవాళ్లను "బైండింగ్ పెద్దాయన" అని అడిగితే చెయ్యి చూపిస్తారు. ఆయనకు డెబ్బై ఏళ్లుంటాయి. తమిళం కలిసిన తెలుగు మాట్లాడతారు. నేను అన్నా అని పిలిచాను, ఆయన నన్ను అమ్మా అన్నారు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, పెరంబూరులో ఉంటాను. మా నాన్న మద్రాసు హైకోర్టులో లాయరు. సాయంత్రం పూట లా చదివే పిల్లలకు రాజ్యాంగ చరిత్ర చెప్పేవారు. మూడేళ్ల కిందట పోయారు. ఆయన వదిలివెళ్లిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనది ఒక నోట్సు. ఫుల్‌స్కేప్ కాగితాలు 212, నీలం సిరా, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. విషయం అమెరికా ఫెడరల్ కోర్టులు, అంటే రాష్ట్రాలవి కాక కేంద్ర ప్రభుత్వానివి. అందులో అరవై కాగితాల దాకా ఒక్క చట్టం గురించే ఉంటాయి. 1801 ఫిబ్రవరి 13న, ఎన్నికల్లో ఓడిపోయి ఇంకో 19 రోజుల్లో దిగిపోవాల్సిన ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్ సంతకం పెట్టిన జ్యుడీషియరీ యాక్ట్, అంటే కోర్టుల చట్టం.

మద్రాసు లాయరుకు ఆ గొడవ ఎందుకని చాలామంది అడిగేవారు. మా తాత ఇక్కడే ఒక పెద్ద వకీలు దగ్గర గుమాస్తా. 1954 జూలైలో ఆంధ్రకు వేరే హైకోర్టు గుంటూరులో మొదలైనప్పుడు, ఆ వకీలుగారి తెలుగు జిల్లాల ఫైళ్లన్నీ తాత గుడ్డల్లో మూటలు కట్టడం నాన్న చూశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. కోర్టును విడదీసి వేరేచోట పెడితే నడుస్తున్న కేసు ఏమవుతుంది, దాన్ని సగం విన్న జడ్జి ఏమవుతాడు అనే ప్రశ్న ఆయన్ను అప్పుడే పట్టుకుంది, చివరిదాకా వదల్లేదు.

ఆ నోట్సు పాడైంది నా వల్లే. పదేళ్ల కిందట కాగితాలు ఊడిపోతున్నాయని ఇంటి దగ్గర ఒక షాపులో స్పైరల్ వేయించాను. వాళ్లు మడత కాగితాలన్నీ మధ్యకు కోసి విడి కాగితాలు చేశారు. అంచులు సమంగా కనపడాలని పైన అర అంగుళం మిషన్లో కోసేశారు. నాన్న పేజీ నంబర్లు వేసింది సరిగ్గా అక్కడే, పైన కుడివైపు మూల. తెచ్చి చేతిలో పెడితే ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మార్జిన్లో సగం తెగిన తన అక్షరాల మీద వేలితో రాస్తూ కూర్చున్నారు. ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతుంది.

అందుకే ఈసారి షాపు మెట్లెక్కేటప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. పెద్దాయన కట్ట అందుకుని ధర చెప్పలేదు. ముందు చేతులు తుడుచుకున్నారు. స్పైరల్ తీగను ఒక కొస నుంచి మెల్లగా తిప్పుతూ బయటికి లాగారు. నాలుగు కాగితాలు వెలుతురుకు పట్టి చూసి, "దీనికి ఇంక కోత వెయ్యకూడదమ్మా. ఎగుడుదిగుడుగా ఉన్నా అట్లనే కుట్టాల" అన్నారు. నేను అడగకముందే ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చింది. ఈ రివ్యూలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటారనుకుంటే అది ఇదే.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. మిగతా నోట్సులో వాక్యం ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి సాగుతుంది కాబట్టి వరస దొరుకుతుంది. 1801 భాగం అలా కాదు. ఏళ్ల తరబడి ఒక్కో కాగితం చేర్చుకుంటూ పోయారు. ఒక్కో సంఘటనకు ఒక్కో కాగితం, పైన చిన్న శీర్షిక. నంబరు లేకపోతే వరస లేదు. "వరస మీరే చెప్పాల, నేను కుడతా" అని పెద్దాయన స్టూలు వేశారు. ఆ పనికి రెండు మధ్యాహ్నాలు పట్టింది.

ఆయన బల్ల మీద పొడుగాటి చెక్క పరిచి, ఒక్కో కాగితం పెట్టి, ఎగరకుండా నున్నటి రాయి ఉంచేవారు. నేను తేదీ చదివేదాన్ని. 1801 ఫిబ్రవరి 11: ఆడమ్స్ ఎదుటి పార్టీ వాళ్లయిన జెఫర్సన్‌కు, బర్‌కు చెరి 73 ఓట్లు రావడంతో ప్రెసిడెంట్ ఎవరో తేల్చడానికి ప్రతినిధుల సభ ఓటింగ్ మొదలుపెట్టింది. ఫిబ్రవరి 13: కోర్టుల చట్టం మీద ఆడమ్స్ సంతకం. ఫిబ్రవరి 17: 36వ ఓటింగులో జెఫర్సన్ గెలుపు. ఈ మూడూ పక్కపక్కన పడగానే పెద్దాయన చెయ్యి ఆపారు. "అంటే ఎవరు గెలిచిందీ తేలకముందే సంతకం పెట్టేశాడా?" అన్నారు. నేను ఆ కథ ఎన్నోసార్లు విన్నాను గానీ, ఆ నాలుగు రోజుల తేడాను అలా చెక్క మీద ఎప్పుడూ చూడలేదు. ఆడమ్స్ ఓడిపోయాడని మాత్రం అప్పటికే అందరికీ తెలుసు. ఆయనకు వచ్చినవి 65 ఓట్లే. తన తర్వాత కుర్చీలో కూర్చునేది ఎవరో తేలకుండానే, ఆ వచ్చేవాడికి కోర్టులు ఎలా ఉండాలో రాసిపెట్టాడు.

చట్టం వివరాలున్న కాగితం దగ్గర ఇంకో దెబ్బ బయటపడింది. స్పైరల్ బెజ్జం సరిగ్గా ఒక అంకె మీద పడింది. "కొత్తగా 1" అని ఉంది, తర్వాత గుండ్రటి ఖాళీ, ఆ తర్వాత "మంది సర్క్యూట్ జడ్జీలు" అని. పదకొండా, పద్నాలుగా, పంతొమ్మిదా? పెద్దాయన కాగితం తిప్పారు. కింద నాన్న పెన్సిలుతో లెక్క వేసి ఉంచారు: ఆరు సర్క్యూట్లు (కొన్ని రాష్ట్రాలు కలిపిన కోర్టు ప్రాంతాలు), అయిదింటికి ముగ్గురు చొప్పున 15, కెంటకీ, టెనెసీ ఉన్న ఆరో దానికి ఒకరు. మొత్తం 16. పెద్దాయన ఆ బెజ్జానికి వెనకనుంచి పలుచటి కాగితం ముక్క అతికించి, అంకె మాత్రం రాయొద్దన్నారు. "అయ్యగారి చెయ్యి కాదు గదా" అన్నారు. అక్కడ ఇప్పటికీ తెల్లగానే ఉంది.

ఆ 16 మంది ఎందుకు కావాల్సి వచ్చారో నాన్న ఎనిమిది కాగితాలు రాశారు. పిల్లలకు చెప్పేటప్పుడు ఆయన అన్నిటికన్నా ఇష్టంగా చెప్పింది కూడా ఆ భాగమే. 1789 చట్టం సుప్రీంకోర్టుకు ఆరుగురు జడ్జీలను ఇచ్చింది కానీ, సర్క్యూట్ కోర్టులకు విడిగా జడ్జీలను ఇవ్వలేదు. సుప్రీంకోర్టు జడ్జీలే గుర్రం బగ్గీలెక్కి, ఏటా రెండుసార్లు ఊరూరా తిరిగి ఆ కోర్టులు నడపాలి. అవేం రోడ్లు! శామ్యూల్ చేజ్ అనే జడ్జి గడ్డకట్టిన సస్క్వహానా నది దాటుతుంటే మంచు పగిలి నీళ్లలో పడి, కొద్దిలో బతికి బయటపడ్డాడు. అలుపు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. నాన్నకు అభ్యంతరం ఇంకోచోట. సర్క్యూట్లో తీర్పు చెప్పిన జడ్జే, ఆ తీర్పు మీద అప్పీలు సుప్రీంకోర్టుకు వస్తే అక్కడా కూర్చునే వీలుంది. "తను వండిన కూరకు తనే రుచి చూసి మార్కులు వేసుకోవడం" అని మార్జిన్లో రాసుకున్నారు. సగం తెగినా ఆ వాక్యం చదవడానికి వస్తోంది. మొదటి చీఫ్ జస్టిస్ జాన్ జే, 1800 డిసెంబరులో రెండోసారి అదే పదవి ఇస్తానంటే వద్దన్నాడు. ఆ కుర్చీ అలా జాన్ మార్షల్‌కు వచ్చింది.

1801 చట్టం ఈ తిరుగుడును ఆపింది. అమెరికా ఫెడరల్ చట్టాల కింద వచ్చే కేసులను నేరుగా ఫెడరల్ కోర్టుల్లో వేసుకునే దారి కూడా తెరిచింది. మరుసటి ఏడే చట్టం రద్దయింది కానీ, ఆ దారి 1875లో మళ్లీ తెరుచుకుంది. అప్పీళ్లకు వేరే సర్క్యూట్ కోర్టులు 1891లో వచ్చాయి. ఈ రెండు సంవత్సరాల చుట్టూ నాన్న ఎర్ర సిరాతో గుండ్రంగా గీశారు. ఆయన వాదన అంతా ఆ రెండు గీతల్లో ఉంది: పని మంచిది, చేసిన వేళ చెడ్డది, జనం వేళనే గుర్తుపెట్టుకున్నారు.

ఒక్కచోట మాత్రం నాన్నతో నాకు పేచీ. ఆ చట్టంలోనే, సుప్రీంకోర్టులో ఈసారి ఖాళీ వస్తే దాన్ని నింపకూడదు, ఆరుగురు అయిదుగురు అవ్వాలి అని ఉంది. ఊళ్లు తిరిగే పని పోయింది కాబట్టి అంతమంది అక్కర్లేదని, బేసి సంఖ్య అయితే ఓట్లు సమానం కావని నాన్న సమర్థించారు. నాకు మింగుడుపడదు. మొదటి ఖాళీ ఎవరి హయాంలో వస్తుంది? వచ్చే ప్రెసిడెంట్ హయాంలో. 16 కుర్చీలు తను పోయేలోపు తన పార్టీ వాళ్లతో నింపుకుంటూ, ఎదుటివాడికి రాబోయే ఒక్క కుర్చీ ముందే తీసేయడం పొదుపు కాదు. తేదీల వరసలో ఆ కాగితం చూశాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. చివరికి ఆ తగ్గింపు అమల్లోకి రానేలేదు. ఖాళీ రాకముందే చట్టం పోయింది.

ఇంకో కాగితం దగ్గర నేనే తప్పు చేయబోయాను. మార్బరీ పేరు చూడగానే ఫిబ్రవరి 13 పక్కన పెట్టమన్నాను. పెద్దాయన కాగితం అంచు చూపించారు. అక్కడ పెద్ద అక్షరాలతో "ఇది వేరే చట్టం" అని ఉంది. నిజమే. విలియం మార్బరీది ఫిబ్రవరి 27 నాటి కొలంబియా డిస్ట్రిక్ట్ (రాజధాని వాషింగ్టన్ ప్రాంతం) చట్టం కింద వచ్చిన జస్టిస్ ఆఫ్ ది పీస్ పదవి. చిన్న కేసులు చూసే అయిదేళ్ల ఉద్యోగం. మార్చి 3న సెనేట్ అలాంటివాళ్లను 42 మందిని ఖాయం చేసింది. వాళ్ల నియామక పత్రాల మీద ఆడమ్స్ సంతకం పెట్టాడు, అప్పటికి చీఫ్ జస్టిస్ అయ్యుండీ విదేశాంగ మంత్రి పని కూడా చూస్తున్న మార్షల్ ముద్ర వేశాడు. కొన్ని పత్రాలు మాత్రం ఆఫీసులోనే ఉండిపోయాయి. మర్నాడు జెఫర్సన్ వచ్చాడు, వాటిని ఇవ్వొద్దన్నాడు. తన పత్రం ఇప్పించమని మార్బరీ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆడమ్స్ దిగిపోతూ ఆఖరి ఘడియల్లో వేసినవాళ్లను అర్ధరాత్రి జడ్జీలు అంటారు. ఆ మాట అనగానే జనం ఈ రెండు గుంపులనూ కలిపేస్తారు. నాన్న క్లాసులో ఈ తప్పు చేసిన పిల్లలను లేపి నిలబెట్టి, ఇద్దరి పదవులూ, ఇద్దరి చట్టాలూ విడివిడిగా చెప్పించేవారు.

రెండో మధ్యాహ్నం రద్దు కాగితాలు వచ్చాయి. 1802 ఫిబ్రవరిలో సెనేట్‌లో రద్దు కావాలని 16 ఓట్లు, వద్దని 15. మార్చిలో ప్రతినిధుల సభలో కావాలని 59, వద్దని 32. మార్చి 8న రద్దు చట్టం. పెద్దాయన అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తు. "ఆ పదారుమందినీ పనిలోంచి తీసేశారా, సంబళం మాత్రం ఇచ్చారా?" ఆ రోజుల్లో అమెరికా కాంగ్రెసులో (వాళ్ల పార్లమెంటు) కూడా ఎవరూ ఇంత సూటిగా అడగలేదేమో అనిపించింది నాకు. అక్కడి రాజ్యాంగం ప్రకారం జడ్జి మంచి నడవడితో ఉన్నంతకాలం పదవిలో ఉంటాడు, జీతం తగ్గించకూడదు. జెఫర్సన్ పార్టీ వాళ్ల వాదన ఏమిటంటే, జడ్జిని తీసెయ్యలేదు, ఆ పదవినే ఎత్తేశాం, పదవి లేనప్పుడు జడ్జి ఎక్కడ, జీతం ఎక్కడ అని. పెద్దాయన సూదిలో దారం ఎక్కిస్తూ, "స్టూలు మీద కూర్చున్నోడిని లెమ్మనకుండా స్టూలు లాగేసినట్టు" అన్నారు. నాన్న ఉంటే ఈ మాట రాసుకునేవారు. ఆ జడ్జీల్లో కొందరు తర్వాత కాంగ్రెసుకు అర్జీ పెట్టుకున్నారు కానీ ఏమీ దక్కలేదు.

నాన్న మూడు గీతలు గీసిన కాగితం దీని తర్వాతిది. 1802 ఏప్రిల్ 29 చట్టం సుప్రీంకోర్టు సిట్టింగుల నెలలే మార్చేసింది. దాంతో 1801 డిసెంబరు తర్వాత ఆ కోర్టు మళ్లీ కూర్చున్నది 1803 ఫిబ్రవరిలోనే. పద్నాలుగు నెలలు! రద్దు చెల్లుతుందా లేదా అని అడగడానికి దేశంలో పెద్ద కోర్టు తలుపు తెరిచి లేదు. ఆడమ్స్ చేసింది తప్పని నేను ఎంత గట్టిగా అంటానో, ఇది తప్పని కూడా అంతే గట్టిగా అంటాను.

ఇక బైండింగ్ సంగతి. కోసేసిన మడత కాగితాలను రెండేసి జత చేసి, మధ్యలో సన్నటి కాగితం పట్టీ అతికించి, మళ్లీ మడతలుగా తయారుచేశారు. ఇలా 106 పట్టీలు. వాటిని కట్టలుగా పేర్చి, మడత మధ్యలోంచి నూలు దారంతో చేత్తోనే కుట్టారు. పక్కనుంచి బెజ్జాలు పొడిచే కుట్టు కాదు కాబట్టి పుస్తకం బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది, లోపలి మార్జిన్ మొత్తం కనిపిస్తుంది. జిగురు మైదాతో ఆయనే కాస్తారు, పురుగు పట్టకుండా కొంచెం మైలుతుత్తం కలుపుతారు. వాసన రెండు వారాలు ఉంటుంది, తర్వాత పోతుంది. తెల్ల గమ్ ఎందుకు వాడరని అడిగితే, "అది అతుక్కుంటే మళ్లీ వదలదు. ఇది తడిపితే వదులుతాది" అన్నారు. అట్టకు ముదురు ఆకుపచ్చ కాలికో గుడ్డ. మొత్తం 2,400 రూపాయలు తీసుకున్నారు. ఆ చేతిపనికి అది చాలా తక్కువ.

లోపాలు కూడా చెప్పాలి. పదిరోజులు అన్నారు, 26 రోజులు పట్టింది. షాపుకు ఫోన్ లేదు కాబట్టి అయిందో లేదో తెలుసుకోవడానికి పెరంబూరు నుంచి రెండుసార్లు ఊరికే వెళ్లొచ్చాను. డబ్బు నోట్లుగానే ఇవ్వాలి. వెన్ను మీద బంగారు అక్షరాలతో పేరు వేయించాలనుకున్నాను, ఆయన దగ్గర తమిళం, ఇంగ్లీషు అచ్చులే ఉన్నాయి, తెలుగువి లేవు. అంకెలు ఉన్నాయి కాబట్టి 1801–1803 అని మాత్రం వేశారు. తొందర ఉన్నవాళ్లు, ప్రాజెక్టు రిపోర్టులు మర్నాడే కావాల్సిన పిల్లలు ఇక్కడికి రాకండి, ఆయన ఒప్పుకోరు కూడా.

పుస్తకం ఇంటికి తెచ్చిన రాత్రి మొత్తం తిరగేశాను. ఒక అర కాగితం, స్టువర్ట్ వర్సెస్ లెయిర్డ్ కేసుది, రద్దు గురించే కాబట్టి 1802 దగ్గర పెట్టించాను. పుస్తకం బాగా పరుచుకోవడంతో ఆ అర కాగితం వెనకవైపు, లోపలి అంచున, పెన్సిలు గీతలు మొదటిసారి కనిపించాయి. "మార్బరీ తీర్పు 1803 ఫిబ్రవరి 24. ఇది మార్చి 2. ఆరు రోజులు. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి." మార్బరీలో కోర్టు 1789 చట్టంలోని 13వ సెక్షన్‌ను రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. కాంగ్రెసు చేసిన చట్టాన్ని కొట్టేయగలనని ఆరు రోజుల ముందు చెప్పిన అదే కోర్టు, ఈ కేసులో రద్దు చట్టం కింద, ఎత్తేసిన కోర్టుల్లోని కేసులను వేరే కోర్టులకు మార్చడం చెల్లుతుందని, జడ్జీలు మళ్లీ ఊళ్లు తిరగాల్సిందేనని ఒప్పుకుంది. తీర్పు రాసింది విలియం ప్యాటర్సన్. మార్షల్ కూర్చోలేదు, ఎందుకంటే సర్క్యూట్లో ఆ కేసు విన్నది తనే. నాన్న తొలినుంచి చెప్పుకొచ్చిన చిక్కు చివరి కేసులోనే ఎదురొచ్చింది. ఆ కాగితం తప్పుచోట ఉంటే ఆ వరస ఎవరికీ కనపడదు.

మర్నాడు పొద్దున్నే పుస్తకం పట్టుకుని వెళ్లాను. పొరపాటు నాదే అని చెప్పాను. పెద్దాయన తడి స్పాంజి తెచ్చి, ఆ అర కాగితం అతికించిన పట్టీ మీద అద్ది, అయిదు నిమిషాలు ఆగారు. మైదా జిగురు మెత్తబడి, కాగితం చిరగకుండా వేళ్లతోనే ఊడి వచ్చింది. మార్బరీ పేజీ ఎదురుగా కొత్త పట్టీతో అతికించి, మధ్యలో బ్లాటింగ్ పేపరు పెట్టి, పైన ఆ నున్నటి రాయి ఉంచారు. ఆరేదాకా కూర్చోమని టీ తెప్పించారు. డబ్బు ఎంత అంటే తీసుకోలేదు. లా రెండో ఏడు చదువుతున్న మా తమ్ముడి కొడుకు ఈ వారమే పుస్తకం తీసుకెళ్తానన్నాడు, దాని కోసం గుడ్డ సంచి కుట్టిస్తున్నాను. షాపు ఆదివారం ఉండదు, మిగతా రోజుల్లో పదకొండు తర్వాత వెళ్లండి.